వార్డుల హద్దులు - మాతృభాషా విద్య

తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతముల తెలుగువారికి హద్దు అను మాట క్రొత్తది కాదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలోని భాగముగా ఆ రాష్ట్రమున చేరినది. ఉత్తరపు సరిహద్దును గూర్చి మ.పొ. శివజ్ఞానము మొదలగువారి నాయకత్వమున తమిళుల ఆందోళనము సాగెను. ఇరు రాష్ట్రముల వాదములను పరిశీలించుటకు హెచ్.వి. పటాస్కరు మధ్యవర్తిగా నియమింపబడిరి. వారి నిర్ణయము ననుసరించి పార్లమెంటు 1959లో ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రముల సరిహద్దులను మార్చు చట్టమును చేసినది. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకాలో అత్యధిక భాగమును, పళ్ళిపట్టు ప్రాంతమును మద్రాసు రాష్ట్రమునకు వచ్చి చెంగల్పట్టు జిల్లాలో చేరినవి. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని సత్యవేడు ప్రాంతపు గ్రామములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి.

ఆ మార్పు కొఱకు ఎవరును ఇల్లు కదల్పలేదు. పొలము, చెఱువు, గుడి ఉన్నచోటనే ఉన్నవి. గీత మాత్రము కదలినది. గీత కదలగనే కచ్చేరి భాష మారినది. చిత్తూరునకు పోవలసిన అర్జీ చెంగల్పట్టునకు పోవలసి వచ్చెను. అంతవఱకు రాష్ట్ర భాషలోనే చదువుకొనుచున్న తెలుగు బాలుడు అల్పసంఖ్యాక భాషా విద్యార్థి ఆయెను. సత్యవేడు వైపున తమిళ బాలునకును ఇట్టి మార్పే కలిగినది.

ఆ పెద్ద గీత ఒక్కసారి కదలి నిలిచినది. కాని మన ఊళ్ళలో మాటిమాటికి కదలుచుండెడి చిన్న గీతలు వేరుగా కలవు. అవి పంచాయతీ వార్డుల హద్దులు, పురపాలక సంఘపు వార్డుల హద్దులు. వీనిని గూర్చి పత్రికలలో పెద్ద అక్షరములతో వ్రాయరు. కార్యాలయపు గోడకు అంటించిన ప్రకటనను నిలిచి చదువువారును తక్కువ. అయినను మన బిడ్డల బడికిని ఈ చిన్న గీతలకును సంబంధము కలదు. ఆ సంబంధమును తల్లిదండ్రులకు తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మొదట వార్డు అనగా నేమో చూతము. 1997లో ఏర్పడిన తిరువళ్ళూరు జిల్లాలో, 2019 ఎన్నికల నాటికి, 14 పంచాయతీ యూనియనులును, 526 గ్రామ పంచాయతీలును ఉండెను. తిరుత్తణి, పళ్ళిపట్టు, రామకృష్ణరాజుపేట, తిరువాలంగాడు యూనియనులు ఆ పదునాలుగింటిలోనివే. గ్రామమున నివసించు ఓటరు స్థానిక ఎన్నికలలో నాలుగు ఓట్లు వేయును. ఒకటి తన వార్డు సభ్యునికి, రెండవది గ్రామ పంచాయతీ అధ్యక్షునికి, మూడవది యూనియను వార్డు సభ్యునికి, నాలుగవది జిల్లా పంచాయతీ వార్డు సభ్యునికి. యూనియను వార్డునకు సుమారు 5,000 మంది, జిల్లా పంచాయతీ వార్డునకు సుమారు 50,000 మంది జనాభా యుండవలెనని లెక్క. కావున ఒకే ఇల్లు ఒకదానిపై నొకటిగా పఱచిన పలు పటములలో చేరియుండును. ఏ పటములో గీత మారినను ఆ ఇంటివారు అర్జీ పట్టుకొని పోవలసిన మనిషి మారును.

గీతలను అసలు మార్చుట ఎందుకని కొందఱు ప్రశ్నింపవచ్చును. జనము ఒకచోట నిలువదు. ఒక వీథిలో క్రొత్త ఇండ్లు లేచును. మఱియొక వీథివారు పని వెదకుకొనుచు చెన్నపట్టణమునకు పోవుదురు. ఇరువది ఏండ్ల క్రిందట సమానముగా నున్న రెండు వార్డులలో నేడు ఒకదానియందు నాలుగు వందలు, రెండవదానియందు పండ్రెండు వందలు ఉండవచ్చును. అప్పుడు మొదటి వార్డులోని ఒక ఓటు రెండవ వార్డులోని మూడు ఓట్లతో సమానమగును. ఇది న్యాయము కాదు. 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము వలన చేరిన 243-సి అధికరణము, జనాభాకును స్థానములకును గల నిష్పత్తి వీలైనంతవఱకు అంతటను ఒక్కటిగా నుండవలెనని చెప్పుచున్నది. అదే సంవత్సరము జూన్ 1న అమలునకు వచ్చిన 74వ సవరణము పట్టణములలో వార్డులవారీ ఎన్నికకు ఆధారమైనది. షెడ్యూల్డు కులములకు, తెగలకు, స్త్రీలకు స్థానములను కేటాయించి, వానిని వంతులవారీగా మార్చుచుండవలెననియు రాజ్యాంగము విధించినది. కావున హద్దుల సవరణము ఎవరో పనిగట్టుకొని చేయు అపకారము కాదు. అది న్యాయము కొఱకు ఏర్పడిన పని. ఆ పని సరిగా జరుగుచున్నదా యని చూచుట మాత్రము మన బాధ్యత.

ఇక పని జరుగు విధము. కడపటి జనగణన లెక్కలను ముందుంచుకొందురు. జనగణన కొఱకు ఊరిని చిన్న చిన్న ఖండములుగా విభజించియుందురు. పంచాయతీ మొత్తము జనాభాను వార్డుల సంఖ్యచే భాగించి సగటు కట్టుదురు. ఆ సగటునకు దగ్గఱగా వచ్చునట్లు ఖండములను, వీథులను ప్రక్కప్రక్కగా చేర్చుదురు. బాట, కాలువ, ఏఱు, రైలుదారి వంటి గుర్తులను హద్దులుగా తీసికొందురు. అటుపిమ్మట ముసాయిదాను ప్రకటించి, అభ్యంతరములను తెలుపుటకు గడువు నిత్తురు. వచ్చిన అర్జీలను విచారించి తుది ప్రకటనము గెజిట్టులో వేయుదురు. ఏ వార్డు ఎవరికి కేటాయింపబడునను నిర్ణయము, ఓటర్ల జాబితా, ఎన్నిక అన్నియు ఆ తరువాతివి.

ఈ క్రమములో ముసాయిదాకును తుది ప్రకటనమునకును నడుమనున్న కొలది దినములే పౌరుని మాట చెల్లు కాలము. రాజ్యాంగములోని 243-ఓ అధికరణము, వార్డుల హద్దులకు సంబంధించిన శాసనముల చెల్లుబాటును న్యాయస్థానములలో ప్రశ్నింపరాదని చెప్పుచున్నది. ఎన్నిక జరిగిన పిదప ఎన్నికల పిటిషను తప్ప వేఱు దారి లేదు. గడువు దాటిన తరువాత, తప్పు ఎంత స్పష్టముగా కనబడినను, దానిని సరిదిద్దుట మిక్కిలి కష్టము.

మన రాష్ట్రపు ఇటీవలి అనుభవము ఈ పని ప్రాముఖ్యమును చక్కగా తెలుపును. 1994 నాటి తమిళనాడు పంచాయతీల చట్టము వచ్చిన తరువాత 1996, 2001, 2006, 2011 సంవత్సరములలో స్థానిక ఎన్నికలు వరుసగా జరిగినవి. 2016 అక్టోబరులో జరుగవలసిన ఎన్నికల ప్రకటనమును, నియమములు సరిగా పాటింపబడలేదను కారణమున మద్రాసు ఉన్నత న్యాయస్థానము కొట్టివేసినది. 2017లో హద్దుల నిర్ణయ సంఘము చట్టము ద్వారా ఏర్పడినది. 2011 జనగణనను ఆధారముగా గైకొని వార్డులు తిరిగి గీయబడినవి. పిమ్మట క్రొత్త జిల్లాల ఏర్పాటు వలన చిక్కులు వచ్చెను. ఆ మార్పులు సోకిన తొమ్మిది జిల్లాలను విడిచి తక్కిన జిల్లాలలో ఎన్నికలు జరుపవచ్చునని సర్వోన్నత న్యాయస్థానము 2019 డిసెంబరు 6న ఆదేశించినది. ఆ మీదట తిరువళ్ళూరు మొదలగు 27 జిల్లాల గ్రామములలో 2019 డిసెంబరు 27, 30 తేదీలలో ఓట్లు వేసిరి. పట్టణములలో 2022 ఫిబ్రవరి 19 వఱకు ఎన్నిక జరుగలేదు. అనగా గ్రామములకు మూడేండ్లకు పైగా, పట్టణములకు అయిదేండ్లకు పైగా ఎన్నికైన సభ్యులే లేరు. ప్రత్యేకాధికారుల పాలనము సాగినది. 2019లో ఎన్నికైన గ్రామీణ సభ్యుల పదవీకాలము 2025 జనవరి 5తో ముగియగా మరల ప్రత్యేకాధికారులు నియమింపబడిరి. బడి గోడ కూలినదని చెప్పుకొనుటకు ఊరిలో ఎన్నికైన మనిషి లేకపోవుట ఎట్టిదో ఈ కాలమున అనేకులు తెలిసికొనిరి.

ఇప్పుడు భాషా విషయమునకు వత్తము. పటాస్కరు పద్ధతిలో మూడు సూత్రములు ఉండెను: గ్రామమును ప్రమాణముగా తీసికొనుట, అచ్చట ఏ భాషవారు అధికులో చూచుట, ప్రాంతము ఒకదానితో నొకటి ఆనుకొనియుండుట. ఆ పెద్ద గీతకు భాషయే ప్రధానమైన కొలత. వార్డుల హద్దులకు అట్లు కాదు. అచ్చట భాష కొలతలలో చేరనే లేదు. జనాభా, భౌగోళికమైన పొందిక, చట్టము చెప్పిన కేటాయింపులు మాత్రమే కొలతలు. గీత గీయు ఉద్యోగి ఏ వీథిలో ఏ భాష మాట్లాడుదురో తెలియకయే గీయవచ్చును. ద్వేషము ఏమాత్రము లేకున్నను ఫలితము భాషాల్పసంఖ్యాకులను తాకును.

ఉదాహరణమునకు ఒక ఊరిని ఊహింతము. జనాభా 2,700. వార్డులు తొమ్మిది. సగటున వార్డునకు 300. అందు తెలుగువారు 540 మంది, అనగా నూటికి ఇరువది. వారు ఆనుకొనియున్న రెండు వీథులలో 270 చొప్పున ఉన్నారనుకొందము. ఒక్కొక్క వీథి ఒక్కొక్క వార్డుగా ఏర్పడినచో రెండు వార్డులలో తెలుగువారే అధికులు. తక్కిన ఏడు వార్డుల సభ్యులకు వారితో పని యుండదు. అవే రెండు వీథులను ఇరుప్రక్కల వీథులతో కలిపి మూడు వార్డులుగా చేసినచో వార్డునకు 180 మంది వత్తురు. మూడింటను వారి మాట చెల్లును. ఆఱు ముక్కలు చేసినచో ఒక్కొక్క వార్డున 90 మందియే. ఎచ్చటను మూడవ వంతు కూడ కారు. జనము మారలేదు, ఇండ్లు మారలేదు, వార్డునకు 300 అను నియమమును తప్పలేదు. గీతలు మాత్రమే వేఱు. అందఱును ఒకేచోట కుప్పపడుటయు, చెదరిపోవుటయు రెండును నష్టమే కావచ్చును. ఏది మేలో ఆ ఊరి పొందికను బట్టి చూడవలెను.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. తెలుగువారందఱును తెలుగు అభ్యర్థికే ఓటు వేయవలెనని దీని భావము కాదు. మంచినీరు, బాట, దీపము అందఱకును కావలయును. మంచి సభ్యుడు తమిళుడైన నేమి, తెలుగువాడైన నేమి? మనకు కావలసినది మన వీథిని విడిచి గెలువజాలని సభ్యుడు. ఓటు అడుగుటకు మన గడప ఎక్కినవాడే పిమ్మట మన బడి గడప ఎక్కును.

బడికిని పంచాయతీకిని గల సంబంధము రాజ్యాంగములోనే కలదు. 1956లో 7వ సవరణము ద్వారా చేర్చిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాష యందు బోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, ఆ రాష్ట్రములోని ప్రతి స్థానిక సంస్థయు ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. ఈ వాక్యములో స్థానిక సంస్థ యను మాట మిక్కిలి ముఖ్యము. రాష్ట్ర ప్రభుత్వముతో పాటు మన పంచాయతీ, మన పురపాలక సంఘము కూడ ఆ బాధ్యతలో పాలుపంచుకొన్నవని దాని యర్థము. నేడు ఉపాధ్యాయుల నియామకము రాష్ట్ర విద్యాశాఖ చేతిలో నున్నను, మన పల్లెలలోని ప్రాథమిక పాఠశాలలు పెక్కు పంచాయతీ యూనియను పేరనే యున్నవి. వాని కట్టడముల మరమ్మతు, నీటి వసతి, ప్రహరీగోడ వంటి పనులలో యూనియను సభ్యుని మాటకు విలువ కలదు.

అల్పసంఖ్యాకులకు చెప్పబడిన తక్కిన రక్షణలును అంకెల మీదనే నిలిచియున్నవి. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము చేసిన తీర్మానము ప్రకారము, ఒక బడిలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాషా విద్యార్థులున్నచో ఆ భాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెను. 1956 నాటి కేంద్ర ప్రభుత్వపు పత్రము, ఒక తాలూకాలో గాని పురపాలక సంఘమున గాని భాషాల్పసంఖ్యాకులు నూటికి 15 నుండి 20 వఱకు ఉన్నచో ముఖ్యమైన ప్రకటనలను, నియమములను వారి భాషలో కూడ ప్రచురించుట మంచిదని సూచించినది. ఇవి న్యాయస్థానమున పట్టుబట్టి సాధింపదగిన శాసనములు కావు. ప్రభుత్వములు అంగీకరించిన మర్యాదలు. అయినను అర్జీకి బలమిచ్చునవి ఇవియే. ఈ రెండవ లెక్కను గమనింపుడు. నూటికి పదునైదు అనునది ఏ హద్దులోపల? తాలూకా హద్దులోపల, పురపాలక సంఘపు హద్దులోపల. హద్దు మారినచో నూటికింత అను అంకెయు మారును.

దీనికి మన జిల్లాయే సాక్ష్యము. 2011లో చెన్నై మహానగర పాలక సంఘమును విస్తరించినప్పుడు 42 స్థానిక సంస్థలు అందు విలీనమైనవి. తిరువళ్ళూరు జిల్లాలోని అంబత్తూరు, తిరువొత్తియూరు, మాధవరము పురపాలక సంఘములు వానిలోనివి. అంతకు ముందు 155 వార్డులుగా నున్న పాత నగరము 107 వార్డులకు తగ్గింపబడి, చేర్చిన ప్రాంతములకు 93 వార్డులు ఇయ్యబడినవి, మొత్తము 200. పాత నగరమున వార్డులు పెద్దవైనవి. శివారులలో పురపాలక సంఘములే మాయమైనవి. సంఘమే లేనప్పుడు దానిలో మన భాషవారు నూటికి ఇంతమంది అను లెక్కకు అర్థము లేదు. శాసనసభా స్థానముల విషయమునను ఇట్టి మార్పు చూచితిమి. 2008 నాటి పునర్విభజనలో పళ్ళిపట్టు నియోజకవర్గము రద్దు కాగా, ఆ ప్రాంతము తిరుత్తణి నియోజకవర్గమున చేరినది.

స్థానిక సభ్యుడు చేయలేనివియు కలవు. 2006 నాటి తమిళనాడు తమిళ అభ్యసన చట్టము వంటివి రాష్ట్ర శాసనములు. వానిని వార్డు సభ్యుడు గాని యూనియను గాని మార్పజాలరు. అట్టి విషయములకు ప్రభుత్వమునకు, న్యాయస్థానమునకు, భాషాల్పసంఖ్యాకుల కమిషనరునకు విన్నవించుకొనుటయే మార్గము. ఏ అర్జీ ఏ గడపకు తీసికొనిపోవలెనో తెలిసికొనుట సగము పని.

ఇక తల్లిదండ్రులు చేయదగినవి. మొదటిది జనగణన. 2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడినది. 2027 మార్చి 1వ తేదీని ప్రమాణదినముగా పెట్టుకొని తరువాతి జనగణన జరుగునని 2025 జూన్ 16న కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. 2011 లెక్క ప్రకారము తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైబడియుండిరి. అనగా నూటికి 5.87 మంది. జనగణనలో మాతృభాష యనగా బాల్యమున తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. బిడ్డ నేడు బడిలో ఏ భాష చదువుచున్నాడనియు, అంగడిలో ఏ భాష మాట్లాడుచున్నాడనియు ఆ ప్రశ్న కాదు. ఇంటి యజమాని తొందరలో ఒక మాట చెప్పి పంపివేయక, ఇంటివారందఱి విషయమున ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. అధికముగా చెప్పనక్కఱలేదు; తక్కువగా చెప్పరాదు. ఊరిలో తెలుగువారు ఎందఱను లెక్క ఆ సమాధానముల నుండియే పుట్టును.

రెండవది ముసాయిదాను చదువుట. తమిళ ప్రకటనములలో ఈ పనిని వార్డు మఱువరైయఱై అందురు. ఆ మాట కనబడినచో ఆగి చదువవలెను. మీ వీథి పేరు ఏ వార్డున ఉన్నది, అసలు ఉన్నదా లేదా, వీథి నడుమ గీత పోయినదా, వార్డులోని ఒక భాగము ఏటి కావలను పడినదా యని చూడవలెను. తమిళము చదువరాని పెద్దలకు మన బడి పై తరగతుల విద్యార్థులు చదివి చెప్పుదురు గాక! రెండు భాషలు నేర్చిన బిడ్డ వలన ఇంటికి కలుగు లాభములలో ఇదియు ఒకటి. తెలుగువారు నూటికి పదునైదునకు మించిన తాలూకాలలో, పట్టణములలో, 1956 నాటి సూచనను చూపి, ముసాయిదాను తెలుగున కూడ ప్రకటింపుమని ముందుగనే వినయముతో కోరవచ్చును.

మూడవది అభ్యంతరము వ్రాయు విధము. మా భాషవారిని విడదీసితిరని మాత్రము వ్రాసినచో ప్రయోజనము తక్కువ. ఏలయన భాష చట్టము చెప్పిన కొలత కాదు. ఒకే వీథి రెండు వార్డులైనదనియో, ఆనుకొనియున్న ఖండములను విడిచి దూరపు ఖండమును చేర్చిరనియో, ఓటు వేయుటకు రైలుదారి దాటవలసి వచ్చుననియో, చట్టము వినదగిన కారణమును చూపవలెను. ఏ ఖండమును ఏ వార్డున చేర్చినచో జనాభా సమానముగానే నిలుచునో కూడ అంకెలతో వ్రాయవలెను. ఒక్కరు కాక వీథివారందఱును, ఇరుగుపొరుగు తమిళ సోదరులును కలిసి సంతకములు చేసినచో అర్జీకి గౌరవము హెచ్చును. వీథిని ముక్కలు చేయుట వారికిని నష్టమే. అర్జీ ఇచ్చి రసీదు తీసికొనుట మఱువరాదు.

నాలుగవది తల్లులకు సంబంధించినది. 2016లో తమిళనాడు ప్రభుత్వము స్థానిక సంస్థలలో స్త్రీల కేటాయింపును మూడవ వంతు నుండి సగమునకు పెంచినది. గ్రామ పంచాయతీ వార్డు సభ్యత్వమునకు, అధ్యక్ష పదవికి జరుగు ఎన్నికలు పార్టీల గుర్తులు లేని ఎన్నికలు. బడి సమావేశమునకు తప్పక వచ్చి, భోజనము ఎట్లున్నది, పంతులుగారు వచ్చిరా యని అడుగు తల్లి, పంచాయతీ సమావేశమున అదే ప్రశ్న అడుగుటకు అనర్హురాలు కాదు. ఈసారి మన వార్డు స్త్రీలకు వచ్చినచో అట్టివారిని ముందుకు రమ్మని ప్రోత్సహింపవలెను.

ప్రతి సంవత్సరము మన సంఘము పుస్తకములు, బహుమతులు, ఉపాధ్యాయుల ఖాళీలు మొదలగు విషయములను చర్చించుచున్నది. వానితో పాటు ప్రతి ఊరిలోను ఒకరిద్దఱు తల్లిదండ్రులు తమ పంచాయతీ వార్డుల పటమును సంపాదించి, వీథుల పేర్లతో సహా బడిలో నుంచుట మంచిది. ముసాయిదా వెలువడిన దినమున పాత పటము చేతనున్నవారికి మార్పు ఒక గడియలో తెలియును. లేనివారికి గడువు తీఱిన పిదప తెలియును. ఈ పనికి ధనము అక్కఱలేదు, పలుకుబడి అక్కఱలేదు. ఒక కాగితము, ఒక పూట తీరిక, నలుగురు పొరుగువారి తోడు ఉన్న చాలును.